రెండు వీధుల పెట్రోలు

పళ్ల సెట్లు చేసే చేతులు ఇంజన్ విప్పుతాయని ఎవరనుకుంటారు? బుల్లి కూడా అనుకోలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబ్‌లో కూర్చుని, ఎవరెవరి నోళ్లలోకో పోయే పళ్లకి మైనంతో అచ్చులు తీసి, సానపట్టి, మెరుగుపెట్టి పంపడం ఆమె ఉద్యోగం. నలభై దాటింది, చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చేశాయి, అయినా ఇంట్లో ఆమె బుల్లే. అలా పిలవనిది ఒక్క తల్లి మాత్రమే. తల్లి ఆమెని "సిస్టర్‌గారూ" అంటుంది. ఎప్పుడో ఆస్పత్రిలో ఉన్నప్పటి నర్సు అనుకుంటోంది. "మీరు భోంచేశారా? మీ వాళ్లు ఎదురుచూస్తుంటారేమో, వెళ్లిరండి" అంటుంది. కన్నతల్లి నోట 'మీరు' అనిపించుకోవడం ఎలా ఉంటుందో అనిపించుకున్నవాళ్లకే తెలియాలి. మొదట్లో బుల్లి వంటింట్లోకి పోయి ఏడ్చేది. తరవాత అలవాటు చేసుకుంది.

అసలు బాధ అది కాదు. తల్లి అన్నం మానేసింది.

తండ్రి పోయి ఏడాది దాటింది. ఆ సంగతి తల్లి బుర్రలో నిలవదు. చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేది, తెల్లారేసరికి మరిచిపోయేది. ఆయన్ని రోజుకోసారి చంపడం ఎందుకని ఇంట్లో ఆ మాట ఎత్తడమే మానుకున్నారు. దాంతో కొత్త తంటా వచ్చిపడింది. సాయంత్రం కాగానే తల్లి వరండాలో కుర్చీ వేసుకుని, రెండు కంచాలు పక్కన పెట్టుకుని, గేటుకేసి చూస్తూ కూర్చునేది. ఎంత బతిమాలినా ముద్ద ముట్టేది కాదు.

"ఆయన్ని రానివ్వండి."

"వచ్చారమ్మా. తినేసి పడుకున్నారు."

"బండి చప్పుడు కాలేదే," అనేది తల్లి, దొంగని పట్టుకున్నట్టు.

పొద్దున ఇన్ని పాలు, మధ్యాహ్నం ఓ బిస్కెట్టు. మనిషి చిక్కి శల్యమైపోయింది. డాక్టరు వచ్చి చూసి, ఇలాగే సాగితే దక్కించుకోవడం కష్టమని మొహం మీదే చెప్పి వెళ్లాడు. ఆయన మెట్లు దిగుతుండగానే బుల్లి పెరట్లోకి వెళ్లి రేకుల షెడ్డు తలుపు తీసింది.

అక్కడ ఉంది ఆ బండి. పాతకాలపు టూ స్ట్రోక్ మోటారుసైకిలు. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, ఊరంతా దాని మీదే తిరిగేవాడు. పోవడానికి కొన్నేళ్ల ముందు, ఒక ఎండాకాలం అది పట్టేసింది. అంటే పిస్టన్ వేడెక్కి ఉబ్బి, సిలిండర్‌కి అతుక్కుపోయింది. తరవాత చూద్దాంలే అని మూల పెట్టాడు, ఆ తరవాత రాలేదు. ఆయన బస్సులెక్కి ఇల్లు చేరిన ఆ చివరి ఏళ్లు తల్లి బుర్రలోంచి అన్నిటికంటే ముందే చెరిగిపోయాయి. మిగిలింది బండి మీద వచ్చే మనిషే.

"ఇంత హైరానా ఎందుకే? ఫోన్‌లో బండి చప్పుడు పెట్టి వినిపించు," అన్నాడు మావయ్య. తల్లికి తమ్ముడు, ఈ ఇంట్లోనే ఉంటాడు, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సలహా చెప్పడంలో ఆయన తరవాతే ఎవరైనా, పానా పట్టుకోవడం మాత్రం ఆయన జాతకంలో లేదు.

వినిపించారు. తల్లి తల కూడా తిప్పలేదు. "ఎవరిదో బండి," అంది.

ఇక లాభం లేదని బుల్లి ఇంజన్ దింపి, భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి పెట్టుకుంది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని పానాలు అందించిన చేయే. నంబరు చెప్పకముందే అందించేది. హెడ్ తీసింది. సిలిండర్ ఊడి రానని మొండికేసింది. పైనుంచి నూనె, డీజిలు కలిపి పోసి వదిలేసింది. వేడినీళ్లు పోసింది, చెక్క పెట్టి సుత్తితో తట్టింది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ వెంట్రుకవాసి కదల్లేదు. తల్లి ఎదురుగా కూర్చుని, ఆస్పత్రిలో ఆపరేషన్ చూస్తున్నంత శ్రద్ధగా చూసేది.

ఒక మధ్యాహ్నం బల్ల దగ్గర ఎవరూ లేరు. బుల్లి గుమ్మంలో నిలబడి తల తుడుచుకుంటోంది. ఇంజన్ చిన్నగా మూలిగింది. సందేహం లేదు, మూలుగే. చూస్తుండగానే సిలిండర్ తనంతట తాను వేలెడు పైకి లేచి ఆగింది. నూనె నాని వదిలిందని బుల్లి తనకి తాను చెప్పుకుంది, అది నిజమే అయ్యుండొచ్చు కూడా.

"అలిసిపోయారు పాపం," అంది తల్లి లోపలి గదిలోంచి.

లేత్ షాపులో సిలిండర్‌కి బోరు కొట్టించి లోపలంతా నున్నగా చేయించి, దానికి తగ్గ కొత్త పిస్టన్ తెచ్చింది. రింగులు వేసి, పిస్టన్ నెత్తి మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉందో లేదో చూసుకుంది. పిస్టన్ పిన్ను జారిపోకుండా పట్టి ఉంచే సన్న తీగ చుట్టని, ల్యాబ్‌లో పంటి సందులు గీకే పనిముట్టుతో గాడిలో కూర్చోబెట్టింది. అందరూ అక్కడే తిట్లు లంకించుకుంటారు, బుల్లికి మాత్రం అది అరచేతిలో పని. కార్బొరేటర్ కడిగింది. సైలెన్సర్‌లో గడ్డకట్టిన మసి కాల్చి దులిపింది. ఇంజన్ మళ్లీ బండికెక్కించి, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసి, వరండా ముందు నిలబెట్టి కిక్ కొట్టింది. కొట్టగా కొట్టగా అందుకుంది. నీలంపొగ ఇల్లంతా కమ్మేసింది.

"రైట్ రైట్," అన్నాడు మావయ్య, కష్టమంతా తనదైనట్టు.

బుల్లికి ప్రాణం లేచొచ్చింది. తల్లి కేసి తిరిగింది. తల్లి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవరో ఊరికే బండి తొక్కుతున్నారు సిస్టర్‌గారూ, తలుపెయ్యండి," అంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చి చూసింది. తండ్రి చొక్కా తొడుక్కుని వచ్చి చూసింది. ఆ చొక్కా వేసుకున్నందుకు తర్వాత తనకే సిగ్గేసింది. కంచాలు మూత తీయకుండానే లోపలికి పోయేవి.

ఒక సాయంత్రం బండి నడుస్తూనే ఉంది, బుల్లి మెట్ల మీద దిగాలుగా కూర్చుంది. ట్యాంకులో పెట్రోలు అయిపోయింది. ఇంజన్ గొంతు ఒక్కసారి పెరిగింది, తరవాత తడబడింది, నత్తినత్తిగా రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయింది. వీధి నిశ్శబ్దమైంది.

తల్లి లేచి నిలబడింది. "వచ్చారు," అంది. కంచాల మీద మూతలు తీసింది.

అప్పుడు గుర్తొచ్చింది బుల్లికి. తండ్రి ఏనాడూ ఇంటి ముందుకొచ్చి తాళం తిప్పి బండి ఆపేవాడు కాదు. రెండు వీధుల అవతలే, వంగి ట్యాంకు కింది పెట్రోల్ నాబ్ కట్టేసేవాడు. కార్బొరేటర్‌లో మిగిలిన ఆ కాస్త పెట్రోలుతో బండి మలుపు తిరిగి, వీధి దాటి, సరిగ్గా గేటు దగ్గర కొచ్చి ప్రాణం వదిలేది. అది జాగ్రత్తో పిసినారితనమో ఆయనకే తెలియాలి. ఇన్నాళ్లూ తల్లి చెవి వెతికింది బండి నడిచే చప్పుడు కోసం కాదు, ఆగిపోయే చప్పుడు కోసం. ఊళ్లో అన్ని బండ్లూ ఒకేలా నడుస్తాయి. అలా ఆగేది ఆయనదొక్కటే.

ఆ సాయంత్రం తల్లి కడుపునిండా తింది. రెండో కంచం ముందున్న ఖాళీ కుర్చీతో కబుర్లు చెప్పింది. చెప్పి ఆగేది, వినేది, మళ్లీ చెప్పేది. ఒకచోట పకపకా నవ్వింది. మావయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు, గడప దాటి రాలేదు.

అప్పట్నుంచి అదో పద్ధతైంది. పొద్దుగూకగానే బుల్లి కిక్ కొట్టడం, నాబ్ కట్టేయడం, ఇంజన్ దగ్గి ఆగడం, తల్లి లేవడం. తల్లి బుగ్గల్లోకి కండ వచ్చింది. "చప్పుడుతో కడుపు నింపుతున్నావు, ఇంకేం కావాలి," అనేవాడు మావయ్య. అన్నాడే గానీ, సాయంత్రం పూట సెంటర్‌కి వెళ్లే పని పెట్టుకోవడం మొదలెట్టాడు.

ఒకరోజు ల్యాబ్‌లో అర్జంటు పని తగిలి బుల్లి ఆలస్యంగా బయటపడింది. గేటు తీసేసరికి తల్లి చేతులు కడుక్కుంటోంది. కంచం ఖాళీ.

"మావయ్యా, నువ్వు స్టార్ట్ చేశావా?"

అప్పుడే గేటు దగ్గర కొచ్చిన మావయ్య తెల్లమొహం వేశాడు. "నేనా? ఈ మోకాళ్లతోనా? ఇప్పుడేగా వస్తున్నాను."

బుల్లి బండి దగ్గర వంగింది. నాబ్ కట్టేసి ఉంది. సైలెన్సర్ మీద చేయి వేసి చురుక్కుమని లాక్కుంది. కాలుతోంది. తాళంచెవి ఆమె సంచీలోనే ఉంది. ఎదురింటి దర్జీ కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ బండి ఇందాకే వచ్చిందిగా. మలుపు తిరగడం విన్నాను," అన్నాడు.

"చూశారా?"

"చేతిలో పనుంది, తలెత్తలేదమ్మా."

వరండాలో మిషన్ నూనె వాసన. బండిలో పోసే ఆయిల్ వాసన కాదు. కుట్టుమిషన్ల నూనె. తండ్రి వేళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని వాసన. బుల్లికి భయంతో పాటు ఇంకోటీ కలిగింది, చెప్పుకోడానికి సిగ్గుపడాల్సినది. అసూయ. వచ్చినవాడు తనకి కూడా తండ్రే కదా. తనుండగా ఎందుకు రాలేదు?

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సిస్టర్‌గారూ, ఆయన అడిగారండీ, బండి ఇంత బాగా ఎవరు చేశారని. మా బుల్లి చేసిందని చెప్పాను. పొంగిపోయారు."

"ఇంకేమన్నారు?" అంది బుల్లి.

"రేపు తయారుగా ఉండు, నిన్ను కూడా తీసుకెళ్తానన్నారు. ఏ చీర కట్టుకోమంటారు?"

మర్నాడు బుల్లి ల్యాబ్‌కి సెలవు పెట్టింది. తల్లి కునుకు తీస్తుండగా హెడ్ విప్పి, సిలిండర్ లాగి, పిస్టన్ తీసేసింది. ఎవరికీ చెప్పలేదు, మావయ్యకి కూడా. గుడ్డలో చుట్టి ల్యాబ్‌కి పట్టుకెళ్లి, కట్టుడు పళ్ల అచ్చులుండే సొరుగులో అడుగున పెట్టి తాళం వేసింది. బయల్దేరేముందే, పైకి చూస్తే ఏమీ తెలియకుండా సిలిండర్, హెడ్ మళ్లీ బిగించేసింది. గుండెకాయ తీసేసి పైకి కుట్లు వేసినట్టుంది పని.

ఆ సాయంత్రం తల్లి చీర మార్చుకుని కూర్చుంది. చీకటి పడింది. చప్పుడేమీ రాలేదు. బుల్లి హమ్మయ్య అనుకుంది, కానీ కంచం అలాగే ఉంది.

మర్నాడూ ముట్టలేదు. ఆ వారమంతా ముట్టలేదు. ఈసారి పాలు కూడా వద్దంది. ఎదురుచూసే మనిషి ఆశతో కూర్చుంటుంది, ఇది అలా లేదు. మాటిచ్చి రానివాళ్ల మీద అలిగినట్టుంది. బుల్లి చిలక్కి చెప్పినట్టు చెప్పింది, కోప్పడింది, కాళ్లు పట్టుకుంది. డాక్టరు సెలైన్ పెట్టించాడు, తల్లి సూది పీకేసుకుంది. ముక్కులోంచి గొట్టం వేద్దామన్నాడు. మంచానికి చేతులు కట్టాలన్నాడు. ఆ మాటకి మావయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"కట్టొద్దే బుల్లీ. మా అక్కని కట్టొద్దు."

"మరి చావనివ్వమంటావా?"

మావయ్య వెళ్లి మంచం పక్కన కూర్చుని అక్క చేతులు పట్టుకున్నాడు.

గొట్టం వేయడానికి మనిషి వస్తానన్న రోజు మధ్యాహ్నం బుల్లి తల్లి మంచం పక్కనే కూర్చుంది. తల్లి కళ్లు తెరిచి ఆమెకేసి చూసింది. చూపు తేటగా ఉంది, ఎన్నో ఏళ్ల కిందటి చూపు.

"బుల్లీ, పిస్టన్ ఎక్కడ పెట్టావే?"

ఆ పేరు పలికిందన్న సంతోషం, ఆ ప్రశ్న పుట్టించిన భయం రెండూ బుల్లికి ఒక్కసారే కలిగాయి. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ల్యాబ్‌లో ఉందమ్మా."

"వెళ్లి తీసుకురా. మలుపు దగ్గరే నిలబడిపోయారు ఇన్ని రోజులుగా. బండి లేందే ఆయన గడప తొక్కరని తెలియదా నీకు?"

"నువ్వు వెళ్లిపోతావుగా అమ్మా."

"వెళ్లనా మరి? నన్నిలా చూస్తూ నువ్వు సుఖపడుతున్నావా?"

తల్లి నువ్వు అంది. ఎన్నాళ్లకో అంది. ఆ ఒక్క మాట కోసం బుల్లి ఏమడిగినా ఇచ్చేసేది. అడిగింది మాత్రం అన్నిటికంటే ఇవ్వలేనిది. గొట్టం వేసే మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. ల్యాబ్‌కి వెళ్లి సొరుగు తీసింది. సొరుగులో పళ్ల అచ్చులన్నీ నూనెలో ముంచి తీసినట్టున్నాయి. పిస్టన్ చేతికి వెచ్చగా తగిలింది.

వచ్చేసరికి మావయ్య అక్కని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల చుట్టూ దుప్పటి కప్పాడు. బండి ఎదురుగా పెట్టాడు. ఈసారి సలహా ఏమీ ఇవ్వలేదు. బుల్లి చాప వేసుకుని పని మొదలెట్టింది. తల్లి పానాలు అందించింది. ప్రతిసారీ సరైన పానాయే ఇచ్చేది.

ఏ పని ఎలా త్వరగా అవుతుందో తెలిసిన చేతులు ఆ సాయంత్రం ఎంత నెమ్మదిగా నడవాలో అంత నెమ్మదిగా నడిచాయి. తుడిచిందే తుడిచింది. రింగులు వేసి, బాగా లేదని తీసి మళ్లీ వేసింది. ఆ పని సాగినంతసేపూ తల్లి తల్లిలాగే ఉంది. బుల్లి చిన్నప్పుడు గ్రీజు నాకి వాంతులు చేసుకున్న సంగతి చెప్పింది. పెళ్లి వద్దని నువ్వు మొండికేసినప్పుడు నేను నాలుగు మాటలన్నాను, మనసులో పెట్టుకోకు అంది. తమ్ముడికి మోకాలి నొప్పి మందు ఏదో చెప్పింది.

"నువ్వు లేకపోతే నేనెవరికి వండాలమ్మా?"

"నీకు వండుకో. కంచం ముందు కూర్చుని, వేడివేడిగా ఒక్కసారైనా తిన్నావా? ఇన్నాళ్లూ నన్ను కనిపెట్టుకుని చల్లారిందే తిన్నావు. చూడట్లేదనుకున్నావా?"

బుల్లి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. చెంపకి గ్రీజు అంటుకుంది. తల్లి వంగి కొంగుతో తుడిచింది.

హెడ్ మీద నట్లన్నీ పడ్డాయి. ఎదురెదురు మూలలు చూసుకుంటూ ఒక్కోటీ బిగించింది. ఇంకా ఏం మిగిలిందా అని వెతికింది. ప్లగ్గు తుడిచి పెట్టింది. ఇంకేమీ మిగల్లేదు.

"చీకటి పడుతోంది బుల్లీ," అంది తల్లి.

లేచి కిక్ కొట్టింది. మొదటిసారే అందుకుంది. అంత తీయగా ఆ ఇంజన్ ఎప్పుడూ పలకలేదు. బుల్లి ట్యాంకు పక్కన వంగి నాబ్ మీద వేళ్లు పెట్టింది. నాబ్ తెరిచి ఉన్నంతసేపూ పెట్రోలు వస్తుంది, బండి నడుస్తుంది, ఆయన దారిలోనే ఉంటాడు. తల్లి ఇలా కుర్చీలో కూర్చుని, తనని గుర్తుపట్టి, బుల్లీ అని పిలుస్తూ ఉంటుంది. ట్యాంకు నిండా ఉంది. అయిపోతే మళ్లీ పోయొచ్చు. పిచ్చి ఆలోచనే, అయినా ఆ వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

వెనక్కి తిరిగి చూసింది. దుప్పటిలో తల్లి ఎముకల గూడులా ఉంది. పెదాలు ఎండి చీలాయి. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. మావయ్య వెనక నిలబడి అక్క భుజం మీద చేయి వేశాడు.

"కట్టెయ్ తల్లీ," అంది ఆవిడ. "రెండు వీధులే కదా."

బుల్లి కట్టేసింది.

మిగిలిన ఆ కాస్త పెట్రోలుతో ఇంజన్ నడుస్తోంది. బుల్లి తల్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. చప్పుడు బండి ఉన్నచోటు నుంచి రావడం మానేసింది. ఎదురుగా బండి వణుకుతూనే ఉంది, చప్పుడు మాత్రం అవతలి వీధిలోంచి వస్తోంది. మలుపు తిరిగింది. దర్జీ కిటికీ దాటింది. మావయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గేటు దగ్గర గొంతు ఒక్కసారి పెరిగి, తడబడి, దగ్గి ఆగింది.

తల్లి వేళ్లు బుల్లి చేతిని ఒకసారి నొక్కాయి. "వస్తున్నానండీ, వస్తున్నాను," అంది, బుల్లి తల మీదుగా గేటుకేసి చూస్తూ. "మా అమ్మాయితో ఒక్క మాట చెప్పి వస్తాను."

ఆ మాట ఏమిటో వినడానికి బుల్లి చెవి దగ్గరగా పెట్టింది. తన చేతిలోని వేళ్లు చల్లబడేదాకా అలాగే ఉంది.